ఒకే ఊళ్లో మూడు సంస్థల శనగ ప్రదర్శనలు: జిల్లా విస్తరణ ప్లానూ, నిధులూ కలిపేదెలా?

రేగడినేల (ప్రశ్న)

నమస్కారం. విస్తరణలో, వ్యవసాయ శాఖలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

నేను రాయలసీమలో ఒక ఏరువాక కేంద్రంలో (రైతులకి సలహాలిచ్చే వ్యవసాయ యూనివర్సిటీ జిల్లా కేంద్రం) శాస్త్రవేత్తను. ఈ రబీకి జిల్లాలో జరిగే విస్తరణ కార్యక్రమాలన్నీ ఒక ప్లాను కిందికి తెచ్చే పని నాకు అప్పగించారు. చెప్పడానికి ఒక్క మాటే గానీ, దిగాక తెలుస్తోంది. కేవీకేకి (కృషి విజ్ఞాన కేంద్రానికి) డబ్బు ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) నుంచి, కేవీకేలని చూసే దాని ప్రాంతీయ సంస్థ అటారి ద్వారా వస్తుంది. ఆత్మకి (జిల్లాలో విస్తరణని సమన్వయం చేసే వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ) కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. మా కేంద్రానికి యూనివర్సిటీ బడ్జెట్. పరిశోధనా స్థానం వాళ్లు చిరుసంచులు (రైతులు వేసి చూడటానికి కొత్త రకం విత్తనం చిన్న సంచుల్లో) ఇస్తారు. వ్యవసాయ శాఖ చేలోనే రైతులకి నడిపే పొలంబడులు వేరే. ఎవరి టార్గెట్ వాళ్లది, ఎవరి రిపోర్టు వాళ్లది.

నిరుడు జరిగింది ఒకటి చెబుతాను. తారు రోడ్డు పక్కనున్న ఒక ఊళ్లో కేవీకే ప్రదర్శన (రైతు చేలోనే పంట వేసి చూపించడం), ఆత్మ ప్రదర్శన, మా చిరుసంచులు మూడూ పడ్డాయి. ఒకే డొంక వెంట మూడు బోర్డులు. మూడింటిలోనూ ఒకే శనగ రకం, ఎన్‌బీఈజీ 47. లోపలి మండలంలో మాత్రం ఎండుతెగులుతో చేలు మచ్చలు మచ్చలుగా పోయాయి. అక్కడ ఒక్క ప్రదర్శన కూడా లేదు. విత్తనశుద్ధి గురించి చెప్పడానికి మేం అక్కడికి చేరేసరికి మొక్కలు పూతకొచ్చాయి. ఒక రైతు ఎండిన మొక్క పీకి వేరు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు దీనికేం మందు కొట్టమంటారు మేడం?" అన్నాడు. ఆ దశలో చెప్పడానికి మందు లేదు.

ఇంకోటి డబ్బు. మాకు శనగ అక్టోబరులో, మహా అయితే నవంబరు సగానికి విత్తేస్తారు. పదును ఆరిపోతే గొర్రు కదలదు. ఇన్‌పుట్స్‌కి డబ్బు ఆ సమయానికి చేతికి రాదు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి శిక్షణ మీద శిక్షణ, ఏడాది ముగిసేలోపు ఖర్చు చూపాలి కాబట్టి. కోత అయిపోయిన రైతుని కూర్చోబెట్టి విత్తనశుద్ధి చెప్పడం నాకు నిజంగా బాధగా ఉంది.

నిధులన్నీ ఒకచోట వేసి జిల్లా మొత్తానికి ఖర్చు చేసే వీలు ఏమైనా ఉందా? లేకపోతే డబ్బు ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచి పని మాత్రం కలపడం ఎవరైనా చేశారా? మీటింగులో అందరూ సరే అంటున్నారు. బయటికి రాగానే ఎవరి జీపు వాళ్లది. ఆగస్టు నెలాఖరుకి ప్లాను ఇవ్వాలి, అదే టెన్షన్.

పాతపంతులు

అమ్మా, నిధులు కలపాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. నేను విస్తరణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఒకే ఖాతాలో వేద్దామని పట్టుబట్టిన ప్రతి జిల్లాలోనూ ఆ మాట ఫైళ్లలోనే ఆగిపోవడం చూశాను. ఊళ్లు పంచుకోండి, తేదీలు పంచుకోండి. డబ్బు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

ఇది ఎందుకిలా తయారైందో తెలిస్తే ఎవరి మీదా కోపం రాదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది. అమెరికా ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల నమూనా, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయం. ఆ నమూనాలో బోధన, పరిశోధన, విస్తరణ మూడూ యూనివర్సిటీ చేతిలోనే ఉంటాయి. అక్కడ 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం కొంత ఇస్తే రాష్ట్రం దానికి తన వాటా కలపాలి, కౌంటీ కూడా కొంత వేస్తుంది. మూడు చోట్ల నుంచి డబ్బు వచ్చినా కౌంటీలో కూర్చునే ఏజెంటు యూనివర్సిటీ మనిషి, ఆఫీసు ఒక్కటే. మనం బోధన, పరిశోధన తెచ్చుకున్నాం. విస్తరణలో ఊరూరా తిరిగే సిబ్బంది మొదటినుంచీ వ్యవసాయ శాఖలోనే ఉన్నారు, యూనివర్సిటీకి సలహా చెప్పే పని మిగిలింది. ఆ ఖాళీ పూడ్చడానికే ఒకదాని తర్వాత ఒకటి సంస్థలు వచ్చాయి. దేశంలో మొదటి కేవీకే 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. మన ఏరువాక కేంద్రాలు 1998లో పెట్టారు. సరిగ్గా అదే ఏడాది ఆత్మని ప్రయోగాత్మకంగా 7 రాష్ట్రాల్లో 28 జిల్లాల్లో మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ జిల్లాలు ఆదిలాబాద్, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం. 2005-06 నుంచి అది దేశమంతా వ్యాపించింది. అంటే ఏరువాక, ఆత్మ ఒకే ఏడు పుట్టాయి, ఒకే పని కోసం పుట్టాయి, డబ్బు వచ్చే దారులు మాత్రం వేరు.

ఆత్మ పెట్టిందే అందరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి. దాని గవర్నింగ్ బోర్డుకి కలెక్టరు ఛైర్మన్, కేవీకే హెడ్ సభ్యుడు. జిల్లాకి ఒక వ్యూహాత్మక పరిశోధన, విస్తరణ ప్రణాళిక ఉండాలన్నదీ అందులోదే. మీ జిల్లాది ఎక్కడో బీరువాలో ఉండి ఉంటుంది. బయటికి తీయించి శనగ పేజీలు చదవండి. పాతదే అయినా ఏ మండలంలో ఏ నేల, ఏ తెగులు అన్నది అంతగా మారదు.

ఇక పని. ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశం రబీకి ముందు ఉంటుంది కదా, దానికంటే ముందే నలుగురు ఒక పూట కూర్చోండి. కేవీకే హెడ్, ఆత్మ పీడీ (ప్రాజెక్ట్ డైరెక్టరు), పరిశోధనా స్థానం నుంచి శనగ చూసే శాస్త్రవేత్త, మీరు. వీలైతే ఇద్దరు ఏడీఏలు (వ్యవసాయ సహాయ సంచాలకులు). పీపీటీ వద్దు. బల్ల మీద మండలాల మ్యాపు, పక్కన నిరుటి ఈ-క్రాప్ లెక్క, ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల శనగ నమోదైందో. మేం ఒక షరతు పెట్టుకునేవాళ్లం: ఊరి పేరు చెప్పినవాళ్లు అక్కడి సమస్య ఏంటో కూడా చెప్పాలి. "రైతులు బాగా సహకరిస్తారు" అన్నది సమస్య కింద లెక్కలోకి రాదు. ఈ ఒక్క షరతుతో రోడ్డు పక్క ఊళ్లు సగం రాలిపోతాయి.

తర్వాత ఎవరు ఏం చేయాలన్నది. రకం గురించి గానీ మందు గురించి గానీ ఇంకా అనుమానం ఉంటే అది కేవీకే ఆన్‌ఫామ్ ట్రయల్ (రైతు చేలో పరీక్ష). అనుమానం తీరిపోయింది, రైతు కళ్లతో చూస్తే చాలు అనుకుంటే ప్రదర్శన. అపరాల సమూహ ప్రదర్శనలకి (పక్కపక్క చేలల్లో కలిపి వేసేవి) కేవీకేకి విడిగా డబ్బు వస్తుంది కాబట్టి విత్తనం, శిలీంద్రనాశిని, ట్రైకోడెర్మా (తెగులుని అణిచే మేలు శిలీంద్రం) అందులోంచి. అదే ఊళ్లో విత్తడానికి ముందు శిక్షణ, పక్క మండలం రైతుల్ని తీసుకొచ్చి చూపించే ఖర్చు ఆత్మది. ఆత్మలో రైతు-శాస్త్రవేత్త చర్చాగోష్ఠి అని ఒక అంశం ఉంది, 25 మంది రైతులతో రెండు రోజులు. దాన్ని మార్చికి నెట్టకుండా సెప్టెంబరులో లోపలి మండలంలోనే పెట్టండి. పంట మధ్యలో చేలు తిరిగి తెగులు చూసి చెప్పడం మీ కేంద్రం పని, అది మీకంటే బాగా ఎవరూ చేయలేరు. ఒక ఊరికి మూడు సంస్థలు వెళ్లడంలో తప్పేం లేదు. ముగ్గురూ విత్తన సంచే పట్టుకెళ్లడం వల్ల వచ్చింది చిక్కంతా.

విత్తనం సంగతి కూడా. అక్టోబరులో డబ్బు కోసం చూస్తూ కూర్చుంటే పదును పోతుంది. కేవీకేకి సొంత పొలం ఉంది, రివాల్వింగ్ ఫండ్ (అమ్మగా వచ్చిన డబ్బు మళ్లీ వాడుకునే నిధి) ఉంది. ఈ రబీలో వచ్చే రబీకి కావలసిన విత్తనం అక్కడే పండించి గోదాములో పెట్టించండి. ప్రదర్శనల డబ్బు వచ్చాక ఆ ధర రివాల్వింగ్ ఫండ్‌కి జమ చేస్తారు. దీనికి ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆ వివరం అకౌంట్స్ వాళ్లు చెప్పాలి.

చివరికి ఊళ్లవారీ పట్టిక అంతా ఒక్క పేజీలో పెట్టి ఆత్మ గవర్నింగ్ బోర్డు మినిట్స్‌కి అనుబంధంగా చేర్పించండి. కలెక్టరు సంతకం పడ్డ పేజీ ఉంటే డిసెంబరులో ఎవరో ఫోన్ చేసి "ఆ ప్రదర్శన మా ఊరికి మార్చండి" అన్నప్పుడు మీరు గొడవ పడక్కర్లేదు, ఆ పేజీ చూపిస్తే చాలు.

బిల్లులసెక్షన్

సారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒక యూనివర్సిటీ అకౌంట్స్‌లో చేస్తున్నాను, డబ్బు ఎందుకు కలవదో చెబుతాను మేడం.

ఇప్పుడు ఐకార్ డబ్బు ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతిలో వస్తోంది. అంటే డబ్బు మన బ్యాంకులో పడదు, ఖర్చు పెట్టుకునే పరిమితి మాత్రం వస్తుంది. మార్చి 31 దాటితే వాడని పరిమితి మురిగిపోతుంది. ఆత్మ కేంద్ర ప్రాయోజిత పథకం కాబట్టి సింగిల్ నోడల్ ఏజెన్సీ (పథకం డబ్బుకి రాష్ట్రంలో ఒకే సంస్థ) దారి, అందులో రాష్ట్రం వాటా కూడా కలవాలి. మీ కేంద్రానిది యూనివర్సిటీ బడ్జెట్. మూడింటికీ మూడు క్యాష్‌బుక్కులు, మూడు స్టాక్ రిజిస్టర్లు, మూడు వినియోగ ధ్రువపత్రాలు. ఐకార్‌కి ఇచ్చే ధ్రువపత్రంలో ఏ పద్దు కింద వచ్చింది ఆ పద్దు కిందే ఖర్చయిందని సంతకం పెట్టాలి. అక్కడ "జిల్లా అవసరాలకి వాడాం" అని రాయడానికి గడి లేదు.

ఆడిట్‌లో ఎక్కువగా వచ్చే అభ్యంతరం ఒకే రైతు పేరు రెండు పథకాల జాబితాలో కనపడటం. రైతుకి విత్తనం ఒక పథకంలో, ప్రయాణ ఖర్చు ఇంకో పథకంలో ఇస్తే తప్పు కాదు. ఒకే సర్వే నంబరుకి రెండు పథకాల విత్తనం చూపిస్తే రికవరీ రాస్తారు. అందుకని ఊళ్లవారీ పట్టికలో రైతు పేరు, సర్వే నంబరు, ఏ వస్తువు ఏ పథకం అన్న గడులు కూడా పెట్టండి. ఆ ఒక్క పేజీ మూడు ఆఫీసుల ఫైళ్లలోనూ ఉంటే ఆడిట్ పార్టీ వచ్చినప్పుడు మీ అందరి జవాబూ ఒకటే అవుతుంది.

డబ్బు ఆలస్యానికి ఒక దారి ఉంది. "నిధుల విడుదలకు లోబడి" అని రాసి పరిపాలనా అనుమతి సెప్టెంబరులోనే తీసుకోండి, కొటేషన్లు గానీ జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) పని గానీ అప్పుడే సిద్ధం చేసుకోండి. చాలా ఆఫీసుల్లో డబ్బు వచ్చిన రోజు ఫైలు మొదలవుతుంది, అక్కడ పోయే నెలే మీ పంటకి కావలసిన నెల. అనుమతి చేతిలో ఉంటే పరిమితి పడిన వారంలో ఆర్డరు పోతుంది. ఆర్డరు మాత్రం డబ్బు రాకముందు ఇవ్వకండి. ఎంత మంచి ఉద్దేశంతో ఇచ్చినా ఆ బాకీ మీ మెడకి చుట్టుకుంటుంది.

రివాల్వింగ్ ఫండ్ నుంచి విత్తనం గురించి సారు అన్నది చేయొచ్చు. ఫామ్ స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ, ధర నిర్ణయ కమిటీ తీర్మానం, కంప్ట్రోలర్ ఆఫీసు అనుమతి, ఈ మూడూ ఉండాలి. ధర ముందే నిర్ణయించి పెట్టుకోండి, తర్వాత కూర్చుంటే మార్కెట్ రేటు మారి పేచీ వస్తుంది.

శనగరైతు

మేడం గారూ, మాది నల్లరేగడి, మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో ఎక్కువమందిది శనగే. మీరు ఆఫీసులవైపు నుంచి అడిగారు, నేను చేనువైపు నుంచి రెండు మాటలు రాస్తాను.

మా ఊళ్లో ప్రదర్శన ఎప్పుడు వచ్చినా పట్టాదారు పేరు మీదే వస్తుంది. చేను చేసేది కౌలుకి తీసుకున్నవాడు. పాసుపుస్తకం ఉన్నాయన కర్నూల్లోనో బెంగళూరులోనో ఉంటాడు. సంతకం ఆయనది, విత్తనం కౌలుదారుడికి చేరుతుందో లేదో ఎవరూ చూడరు. సాగుదారు హక్కు పత్రం (కౌలుదారుడికి ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లని జాబితాలో తీసుకోవచ్చని ప్లానులోనే రాయించండి. ఎండుతెగులు వచ్చే చేలు ఏవో కౌలుదారుడికి గుర్తుంటుంది, ఏటా తిరిగేది ఆయనే కాబట్టి.

రెండోది క్షేత్ర దినోత్సవం. మా దగ్గర ఒకసారి ఎన్‌బీఈజీ 47 చేలో కోత మిషన్ పెట్టి చూపించారు. ఆ రోజు వచ్చినంతమంది ఇంకే మీటింగుకీ రాలేదు. నంద్యాల నుంచి వచ్చిన ఈ రకం నిటారుగా పెరుగుతుందని, కాయ నేలకి ఎత్తుగా ఉంటుందని కరపత్రంలో ఎన్నిసార్లు చదివినా మాకు నమ్మకం కుదరలేదు. మిషన్ ఒక సాలు పోగానే పది పదిహేనుమంది ఒంగి, కోసిన మొదళ్ల మధ్య ఎన్ని కాయలు మిగిలాయో, ఎంత గింజ రాలిందో చేత్తో వెతికారు. పక్కనే జేజీ 11 అనే ఇంకో శనగ రకం చేను ఉంది, అందులోనూ ఒక సాలు నడిపించమన్నారు. అక్కడ కింది కాయలు చాలా మిగిలాయి. అంతే, ఇంక ఎవరూ ఉపన్యాసం అడగలేదు. శనగ పీకే కూలీలు దొరకడం లేదు, దొరికినా మొక్క మీది పులుపుకి చేతులు మండి సగం దినానికే వెళ్లిపోతారు. మాకు ఆ మిషన్ సంగతే కావాలి.

అది కోతకి తగ్గట్టు పెట్టాలి. ఆ తేదీని చేను నిర్ణయిస్తుంది, ఆఫీసు క్యాలెండర్ కాదు. ముగ్గురు మూడు టెంట్లు వేసే బదులు ముగ్గురి డబ్బుతో ఒక మిషన్ వచ్చేలా చూడండి.

మండలంఏవో

నేను మండల వ్యవసాయ అధికారిని. అందరూ పైనుంచి ప్లాను గురించి చెప్పారు, కింద దాన్ని మోసేది రైతు సేవా కేంద్రంలో ఉండే గ్రామ వ్యవసాయ సహాయకులు. ఈ-క్రాప్, ఎరువుల స్టాకు, బీమా, సర్వేలు అన్నీ వాళ్ల మీదే. వాళ్లకి వారం ముందు తేదీ తెలిస్తే రైతుల్ని పోగుచేస్తారు. ఉదయం తొమ్మిదికి ఫోన్ చేసి "పదకొండుకి వస్తున్నాం" అంటే ఖాళీగా ఉన్న నలుగురే దొరుకుతారు. రోజూ అదే నలుగురి ఫొటో రావడానికి కారణం అదే.

2025లో మే 29 నుంచి జూన్ 12 దాకా వికసిత్ కృషి సంకల్ప అభియాన్‌లో శాస్త్రవేత్తలు, శాఖ వాళ్లు కలిసి బృందాలుగా ఊళ్లకి వెళ్లారు కదా. ఆ రెండు వారాలు ఏ బృందం ఏ ఊరికో ముందే తేలింది కాబట్టి మా దగ్గర రెండు జీపులు ఒకే ఊళ్లో ఎదురుపడలేదు. ఖాతాలు అప్పుడూ కలపలేదు. రబీకి కూడా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా ఒక్క నెలకి అలాంటి పట్టిక ఇవ్వండి, మా సిబ్బంది నడిపిస్తారు. సంవత్సరం మొత్తానికి ఇస్తే ఎవరూ చూడరు.

రేగడినేల

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. ఒక నెల పట్టిక, వస్తువువారీ గడులు, హక్కు పత్రం మూడూ ప్లానులో పెడుతున్నాను. కోత మిషన్ అద్దె ఆత్మలో ఏ అంశం కింద వస్తుందో పీడీ గారిని అడుగుతాను.

పాతపంతులు సార్, రెండు సందేహాలు. 2022లో జిల్లాలు 26 అయ్యాక మా కేవీకే పాత జిల్లాకి చెందినదిగానే ఉంది, అది ఇప్పుడు పక్క జిల్లాలోకి వెళ్లింది. కలెక్టరు వేరు, ఆత్మ వేరు. ఎవరి మినిట్స్‌లో పెట్టించాలి? రెండోది, సమూహ ప్రదర్శనలు ఒకేచోట పక్కపక్క చేలల్లో ఉండాలంటారు. కేవీకే వాళ్లు రోడ్డు పక్క ఊరినే మళ్లీ తీసుకుంటామంటున్నారు, అక్కడైతే చేలన్నీ కలిసి ఉన్నాయని.

పాతపంతులు

జిల్లా గీత మారినా కేవీకే పరిధి ఏమిటన్నది అటారి చెప్పాలి, మీరూ నేనూ కాదు. కేవీకే హెడ్ చేత అటారికి ఒక ఉత్తరం రాయించండి, ఈ రబీకి మీ మండలాలు ఆయన కార్యాచరణలో ఉన్నాయని. ఆ జవాబు కాపీ రెండు జిల్లాల ఆత్మలకీ పంపండి. మినిట్స్ చేను ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లావే, డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా సరే. కేవీకే శాస్త్రీయ సలహా సంఘం సమావేశానికి మీ జిల్లా వ్యవసాయ అధికారిని కూడా పిలవమని అడగండి.

సమూహం సంగతి. ఎండుతెగులు ఉన్న మండలంలో మీరు నిరుడు చూసిన చేల సర్వే నంబర్లు ఉన్నాయి కదా, వాటిని మ్యాపు మీద పెట్టి చూడండి. నల్లరేగడిలో తెగులు ఒక చేనుతో ఆగదు. ఒకే వంకకి అటూ ఇటూ వరసగా దొరుకుతాయి. ఆ వరసే మీ సమూహం. ఆ కాగితం పట్టుకుని కేవీకే హెడ్ గారిని ఒకసారి ఆ చేలకి తీసుకెళ్లండి. ఇప్పుడు ఖాళీగానే ఉంటాయి, అయినా తీసుకెళ్లండి. మీ చేతిలో వేరు పెట్టిన రైతుని కూడా అక్కడికి రమ్మనండి. రోడ్డు పక్క ఊరికి ఈసారి కోత మిషన్ రోజు ఒక్కటి ఇవ్వండి, దారి బాగుంది కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సులువుగా రాగలుగుతారు.